ఖాళీ పొట్లం



ఛందస్సు, నిఘంటువులు, పాత పుస్తకాలు తప్ప మరొకటి ఎత్తని ఈ తెలుగు పంతులు ఇవాళ యూఎస్‌బీ గురించి రాస్తున్నాడేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. మీలో చాలామంది సాఫ్ట్‌వేరు రంగంలో ఉన్నవారే కనుక ఇది హనుమంతుని ముందు కుప్పిగంతులు వేయడమే. అయినా సాహసిస్తున్నాను. ఈ కథలోని చిక్కుముడి నాకు ముప్పై ఏళ్ళుగా పరిచయమున్నదే. నేను దానిని చూసినది తీగలలో కాదు, పదవ తరగతి జవాబు పత్రాలలో.

పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దినవారికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. విద్యార్థి అడిషనల్ షీట్లు తీసుకుని, అన్నింటినీ దారంతో కట్టి ఇస్తాడు. ఆఖరి కాగితం సగంలో ఆగిపోతే జవాబు అంతటితో అయిందని మనకు తెలుస్తుంది. కాగితం ఆఖరి గీత దాకా నిండి, వాక్యం కూడా సరిగ్గా అక్కడే పూర్తయితే? ఇంతేనా, ఇంకొక కాగితం ఉండి దారం నుంచి ఊడిపోయిందా? రాసినవాడు ఎదురుగా లేడు. పత్రం నోరు విప్పదు. అందుకే ఎన్ని షీట్లు తీసుకున్నావో మొదటి పేజీ మీద అంకె వెయ్యరా, రాయడం అయ్యాక కింద అడ్డగీత గియ్యరా అని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేవాణ్ణి. వినేవాళ్ళు వినేవారు.

అలా విన్నవాళ్ళలో ఒకడు కొన్నేళ్ళ కిందట సంక్రాంతికి ఊరొచ్చి మా ఇంటికి వచ్చాడు. రక్తపరీక్షల యంత్రాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో వాడికి ఉద్యోగం. యంత్రం నుంచి యూఎస్‌బీ తీగ ద్వారా కంప్యూటరులోకి వచ్చే ఫలితాలను అందుకునే డ్రైవరు రాసినది వాడే. పండుగపూట ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

“ఏమిట్రా, ఒంట్లో బాగాలేదా?” అన్నాను.

“ఒళ్ళు బాగానే ఉంది మాస్టారూ. ఒక ల్యాబులో ఒకరి రిపోర్టు వెనకాల ఇంకొకరి రిపోర్టు అతుక్కుని వచ్చింది. కాగితం మీద రెండు పేర్లు కనబడేసరికి అక్కడి అమ్మాయి ఆపేసింది కాబట్టి సరిపోయింది. యంత్రం ప్రోగ్రాము రాసినవాళ్ళేమో మేం బైట్లన్నీ పంపాం అంటున్నారు. నేనేమో వచ్చినవన్నీ తీసుకున్నాను అంటున్నాను. మా ఆఫీసులో వందల రిపోర్టులు పంపి చూశాం, ఒక్కటీ తప్పు రాలేదు. అక్కడ మాత్రం వారానికి రెండు మూడు సార్లు వస్తోంది.”

ఒకరి చక్కెర వ్యాధి మరొకరి పేరు మీదికి వెళితే ఏమవుతుందో నాకెవరూ చెప్పనక్కరలేదు. వాడు ఉన్న రెండు రోజులూ పక్కన కూర్చోబెట్టుకుని, ఈ యూఎస్‌బీ ఎక్కడ పుట్టింది, ఎలా మాట్లాడుతుంది అని అడిగి తెలుసుకున్నాను. తరువాత నేనుగా చదువుకున్నది కొంత. ఆ చరిత్రే ఈ టపా.

* * *

1994 నాటికి కంప్యూటరు వెనకభాగం జల్లెడలా ఉండేది. కీబోర్డుకొక రంధ్రం, మౌసుకొకటి, ప్రింటరుకొకటి, మోడెముకొకటి. దేని తీగ దానిదే, దేని ఆకారం దానిదే. ఆ ఏడాది కంపాక్, డీఈసీ, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్ఈసీ, నార్టెల్ అనే ఏడు సంస్థలు కలిసి అన్నింటికీ ఒకటే మార్గం వేయాలని పూనుకున్నాయి. ఇంటెల్‌లో ఈ పనిలో ముందు నిలిచిన అజయ్ భట్ మన గుజరాత్‌లోని వడోదరలో చదువుకున్నవారు. 1996 జనవరిలో 1.0 ప్రమాణం వెలువడింది. 1998 సెప్టెంబరులో 1.1 వచ్చింది.

ఆ ప్రమాణంలో సమాచారం ప్యాకెట్లుగా నడుస్తుంది. ప్యాకెట్టు అంటే మన కిరాణా కొట్టు భాషలో పొట్లం. నేను ఆ మాటే వాడతాను. కొన్ని పొట్లాలు కలిసి ఒక బట్వాడా. పొట్లంలో గరిష్ఠంగా ఎన్ని బైట్లు పట్టాలో ప్రమాణం నిర్ణయించింది. కీబోర్డు, మౌసు వంటి నిదానపు పరికరాలకు 8 బైట్లు. సెకనుకు 12 మెగాబిట్ల వేగంతో నడిచే పరికరాలకు, ప్రింటరు వంటి వాటి మూకుమ్మడి బట్వాడాలో, 8, 16, 32, 64 బైట్లలో ఏదో ఒకటి.

ఇంత చిన్న పొట్లాలెందుకని నాకు సందేహం కలిగింది. ఒక కంప్యూటరుకు తగిలించిన పరికరాలన్నీ ఒకే దారిని పంచుకుంటాయి. ఒక్కడే దారినంతా ఆక్రమించకుండా కాలాన్ని మిల్లీసెకను ముక్కలుగా కోశారు. 12 మెగాబిట్ల వేగంతో ఒక మిల్లీసెకనులో పట్టేవి 1500 బైట్లు. ప్రతి పొట్లానికీ చిరునామా, సరిచూపు, విరామం వగైరా కట్టుబడి ఖర్చు 13 బైట్లు. 64 బైట్ల పొట్లమైతే 77 అవుతుంది. అలాంటివి మిల్లీసెకనులో 19 పడతాయి, అనగా అసలు సరుకు 1216 బైట్లు. అదే 8 బైట్ల పొట్లమైతే 21 అవుతుంది. 71 పడతాయి కాని సరుకు 568 బైట్లే. చిన్న పొట్లాలు కట్టేవాడికి కాగితం, దారం ఖర్చు ఎక్కువని ఏ కొట్టువాడిని అడిగినా చెబుతాడు.

ఇక అసలు విషయం. బట్వాడా అయిపోయిందని తీసుకునేవాడికి ఎలా తెలియాలి? ప్రమాణం చెప్పిన సూత్రం చాలా సులువైనది. అడిగినన్ని బైట్లూ వచ్చేస్తే అయినట్టే. అంతకంటే తక్కువే ఉంటే, నిండని పొట్లం వచ్చినచోట అయినట్టు. ఆఖరి కాగితం సగంలో ఆగినట్లన్నమాట.

మన భాషలోనే ఉదాహరణ చూద్దాం. యూనికోడ్ తెలుగులో ఒక్కొక్క సంకేతానికి యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు పడతాయని మీకు తెలుసు. “పుస్తకం” అన్న మాటలో పకారం, ఉత్వం, సకారం, పొల్లు, తకారం, కకారం, సున్న కలిసి 7 సంకేతాలు, 21 బైట్లు. 8 బైట్ల పొట్లాలు కడితే 8, 8, 5. మూడవ పొట్లం వెలితిగా ఉన్నది కనుక మాట ముగిసింది. అదే మాటను మా పాత పండితుల తీరున “పుస్తకము” అని రాయండి. 8 సంకేతాలు, 24 బైట్లు. 8, 8, 8. మూడూ నిండుకుండలే! ఇంకా వస్తుందేమోనని తీసుకునేవాడు చెయ్యి చాచుకుని కూర్చుంటాడు. వ్యావహారికం ముగిసింది, గ్రాంథికం ముగియలేదు. గిడుగువారు వింటే ఎంత సంతోషించేవారో!

ఇందుకు ప్రమాణమే విరుగుడు చెప్పింది. సరుకు సరిగ్గా పొట్లాల లెక్కకు సరిపోతే, ఆ వెనుక ఏమీ లేని ఒక ఖాళీ పొట్లం పంపాలి. అందులో బైట్లు సున్న. దాని అర్థం మాత్రం “అయిపోయింది” అని. నేను పిల్లలను గియ్యమన్న అడ్డగీత ఇదే. సున్నను కనుగొన్నది మనమేనని చంకలు గుద్దుకోవడానికి ఇది చెప్పడం లేదు. లేనిదానికి కూడా ఒక స్థానం ఇవ్వాలన్న ఎరుక ఎక్కడ లోపించినా లెక్క తప్పుతుందని చెప్పడానికే.

* * *

చరిత్రలో తరువాతి ఘట్టాలన్నీ ఈ కొలతల దగ్గర జరిగిన తగవులే.

మొదటి తగవు పరిచయం దగ్గరే. పరికరాన్ని తగిలించగానే కంప్యూటరు “నీవెవరు?” అని అడుగుతుంది. జవాబు 18 బైట్ల పట్టిక. ఆ పరికరం పొట్లం ఎంత పెద్దదో ఆ పట్టికలోనే, ఎనిమిదవ బైటులో రాసి ఉంటుంది. పొట్లం కొలత తెలియకుండా పట్టిక చదవడం ఎలా? ఎంత చిన్న పొట్లమైనా 8 బైట్లు పడుతుంది కనుక మొదట ఎనిమిదే అడిగితే చాలు. ప్రమాణకర్తలు ఆ అంకెను సరిగ్గా ఎనిమిదవ చోట పెట్టడం నాకెంతో ముచ్చట గొలిపింది. అయితే విండోస్ మొదటిసారే 64 బైట్లు అడిగే అలవాటు చేసుకున్నది. పరికరాలు చేసేవారిలో కొందరు విండోస్‌తో మాత్రమే పరీక్షించి సంతకు తెచ్చారు. వేరొకరు మర్యాదగా 8 అడిగితే అవి తడబడేవి. చివరికి లినక్స్ వారు 2.6 వరుసలో తామూ 64 అడిగే పద్ధతిని చేర్చుకుని, పాత పద్ధతిని కూడా అట్టిపెట్టుకున్నారు. శాస్త్రం ఒకటి చెబితే ఆచారం మరొకటై, చివరకు ఆచారమే నిలవడం వ్యాకరణం చదివినవారికి కొత్త కాదు.

రెండవది నిల్వ పరికరాల సంగతి. కంప్యూటరు, పరికరం పరస్పరం ఎలా అడగాలో, ఎలా చెప్పాలో తెలిపే ప్రమాణం 1999లో వచ్చింది. మన పెన్‌డ్రైవులు చాలాకాలం దాని మీదే నడిచాయి, ఇప్పటికీ ఎన్నో నడుస్తున్నాయి. అడగడానికి సరిగ్గా 31 బైట్ల చీటీ. అందులో “ఇన్ని బైట్లు ఇస్తాను” లేక “ఇన్ని బైట్లు తీసుకుంటాను” అన్న అంకె ఉంటుంది. పని అయ్యాక పరికరం 13 బైట్ల రసీదు ఇస్తుంది. అనుకున్నదానికీ జరిగినదానికీ ఎంత తేడా వచ్చిందో అందులో రాస్తుంది. ఇద్దరి లెక్కలూ ఎన్ని విధాలుగా కుదరవచ్చో, ఎన్ని విధాలుగా కుదరకపోవచ్చో ఆ ప్రమాణం 13 సందర్భాలుగా విడదీసి, ఎక్కడ ఎవరు ఏమి చేయాలో విధించింది. అప్పు పత్రం రాసే కరణం కూడా ఇంత జాగ్రత్త పడడు.

ఇంత జాగ్రత్తగా లెక్కలు చెప్పిన ఆ ప్రమాణపత్రం ముఖపత్రం మీద వేసిన తేదీ ఏమిటో తెలుసా? సెప్టెంబరు 31, 1999! సెప్టెంబరుకు ముప్పై రోజులే గదా. ఒకటి ఎక్కువ పడింది. ఇది ఎగతాళికి చెప్పడం లేదు. కొలతల దగ్గర మనిషి చేసే తప్పు సాధారణంగా పెద్దదిగా ఉండదు, ఒకటి దగ్గరే ఉంటుంది.

సరిగ్గా అదే తప్పు పరికరాలలోనూ కనబడింది. నిల్వను సెక్టార్లు అనే గళ్ళుగా విభజించి, సున్న నుంచి లెక్కపెడతారు. వెయ్యి గళ్ళుంటే ఆఖరి గడి సంఖ్య 999. “నీ ఆఖరి గడి ఏది?” అని అడిగితే, కొన్ని పరికరాలు మొత్తం గళ్ళ సంఖ్య చెప్పి 1000 అనేవి. ఆ మాట నమ్మి కంప్యూటరు లేని గడిని చదవబోతే కొన్ని అక్కడికక్కడే మొరాయించేవి. చివరి గడిని ముట్టుకోని వ్యవస్థలో ఈ తప్పు ఏళ్ళ తరబడి బయటపడదు. నా దగ్గరున్న ఒక కార్డు రీడరుకు ఈ జబ్బే ఉండేదని మా వాడు తరువాత తేల్చాడు. విండోస్ కంప్యూటరులో చక్కగా పనిచేసేది. లినక్స్ కంప్యూటరుకు తగిలిస్తే బిగుసుకుపోయేది. కార్డులో నా పదసేకరణ ఉండేది. పోయిందనే అనుకుని ఆ రాత్రి అన్నం సయించలేదు. పోలేదు, లేని గడి కోసం వెతుకుతూ ఆగిపోయింది, అంతే.

లినక్స్‌లో ఇలాంటి పరికరాల కోసం ఒక జాబితా ఉన్నది. ఏ పరికరం ఆఖరి గడిని ఒకటి ఎక్కువ చెబుతుంది, ఏది రసీదులో తేడా తప్పుగా రాస్తుంది, ఏది ఒక్క విడతలో 64 సెక్టార్లు, అనగా 32 కిలోబైట్లు, మించితే తట్టుకోలేదు అన్నది అందులో నమోదవుతుంది. మామూలు యూఎస్‌బీ నిల్వ పరికరాలకు ఆ డ్రైవరు పెట్టుకున్న సాధారణ హద్దు 240 సెక్టార్లు, అంటే 120 కిలోబైట్లు. నా క్లాసు రిజిస్టరులో కూడా, ఎవడికి చూపు ఆనదు, ఎవడు నాలుగు మాటలకు మించి ఒక్కసారి చెబితే అందుకోలేడు అని పెన్సిలుతో రాసుకునేవాణ్ణి. ముందు బెంచీలో కూర్చోబెట్టేవాణ్ణి. డ్రైవరు రాసేవారు చేసినదీ అదే.

మూడవ ఘట్టం 2000 ఏప్రిల్. 2.0 ప్రమాణంతో వేగం సెకనుకు 480 మెగాబిట్లకు పెరిగింది. మూకుమ్మడి బట్వాడాలో పొట్లం ఒక్కసారిగా 64 నుంచి 512 బైట్లయింది. ఆ వేగంతో నడిచే పరికరాన్నే పాత 1.1 హబ్బుకు తగిలిస్తే మళ్ళీ పాత వేగానికి దిగి చిన్న పొట్లాలు కడుతుంది. పొట్లం 64 అని డ్రైవరులో చెక్కేసుకున్నవారికి ఇక్కడ దెబ్బ తగిలింది. తీసుకునే సంచి విషయంలోనూ జాగ్రత్త కావాలి. కంప్యూటరు 100 బైట్లు చాలని అడిగి, పరికరం 64 చొప్పున రెండు నిండు పొట్లాలు పంపితే, రెండవది సంచి దాటి ఒలికిపోతుంది. అది దోషంగా నమోదవుతుంది. అందుకే సంచి ఎప్పుడూ పొట్లం కొలతకు గుణిజంగా ఉండాలని, ఆ కొలతను పరికరాన్నే అడిగి తెలుసుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. 2008 నవంబరులో వచ్చిన 3.0లో పొట్లం 1024 బైట్లయింది. కొలతలు మారాయి కాని ముగింపు సూత్రం మారలేదు.

ఖాళీ పొట్లాన్ని అర్థం చేసుకోలేని పరికరాలు కూడా ఉన్నాయి. వాటి కోసం లినక్స్‌లోని నెట్‌వర్క్ డ్రైవరు ఒక ఉపాయం చేస్తుంది. సరుకు సరిగ్గా పొట్లాలకు సరిపోతే, చివర అక్కరలేని ఒక బైటు అదనంగా తగిలిస్తుంది. దానితో ఒక బుల్లి పొట్లం వెనకాల వెళుతుంది, ముగింపు తెలుస్తుంది. సంస్కృత శ్లోకాలలో తు, హి, చ, వై అన్నవాటిని పాదపూరణాలంటాం. అవి పాదాన్ని నింపడానికి వస్తాయి. ఇది దానికి తలకిందులు. పాదం నిండిపోయింది కనుక వచ్చిన పూరణం!

* * *

ఇప్పుడు మా వాడి చిక్కు మీకు అర్థమై ఉంటుంది. వాడి ఆఫీసులో యంత్రం 512 బైట్ల పొట్లాలతో నడిచింది. రిపోర్టు పొడవు సరిగ్గా 512కు గుణిజం కావడం రమారమి అయిదు వందల్లో ఒకసారి. వాళ్ళు పంపిన వందల రిపోర్టులలో అది తగలలేదు. ల్యాబులో ఎవరో మధ్యన పాత హబ్బు పెట్టారు. పొట్లం 64కు దిగింది. ఇక అరవై నాలుగింటిలో ఒకటి కాటేస్తుంది. యంత్రం ఖాళీ పొట్లం పంపడం లేదు. నిండు పొట్లంతో ఆగిన రిపోర్టు వెనుక ఇంకేదో వస్తుందని డ్రైవరు ఎదురుచూసింది. వచ్చినది తరువాతి మనిషి రిపోర్టు. దానిని కూడా అదే సంచిలో వేసుకుని, వెలితి పొట్లం కనబడ్డాక సంచి మూతి కట్టింది.

బైట్లన్నీ పంపామన్నవారూ అబద్ధం చెప్పలేదు, అన్నీ తీసుకున్నానన్న మా వాడూ అబద్ధం చెప్పలేదు. ఒక్క బైటు పోలేదు, ఒక్కటి తప్పు రాలేదు. అయిపోయిందని చెప్పినవారు లేరు, అంతే.

సెలవు నుంచి తిరిగి వెళ్ళాక వాడు తీగ మీద నడిచే పొట్లాలన్నింటినీ నమోదు చేసి చూశాడు. అతుక్కున్న ప్రతి రిపోర్టులో మొదటి భాగం పొడవు 64కు గుణిజమే. రుజువు చేతికి దొరికింది. యంత్రం వైపు ఖాళీ పొట్లం చేర్చారు. అంతటితో ఊరుకోక, ప్రతి రిపోర్టు తలభాగంలో దాని పొడవును, వరుస సంఖ్యను కూడా రాయించి, అవి సరిపోకపోతే డ్రైవరు తీసుకోకుండా తిప్పికొట్టేలా చేశాడు. ఫోనులో ఇదంతా చెప్పి, “మీరు మొదటి పేజీ మీద షీట్ల అంకె వెయ్యమనేవారు కదా మాస్టారూ, అదే చేశాను. అడ్డగీత కూడా గీశాను” అన్నాడు.

నాకు కళ్ళు చెమర్చాయని చెప్పుకోవడానికి సిగ్గు లేదు. కాని ఆ వెంటనే మరొకటి గుర్తుకొచ్చింది. ఆఖరి గీత దాకా నిండిన జవాబు పత్రాలు నా చేతిలోకి ఎన్ని వచ్చి ఉంటాయి? వాటిలో ఎన్నింటి వెనుక ఊడిపోయిన కాగితం ఉండి ఉంటుంది? ఉన్నదానికే మార్కులు వేశాను. లేనిదాని గురించి ఒక్కసారి లేచి, పక్క కట్టలో వెతికించి ఉండవలసింది కదా అని ఇప్పుడనిపిస్తుంది. కొన్నిసార్లు వెతికించాను. ప్రతిసారీ కాదు.

పొరపాట్లుంటే ఈ రంగంలోని మిత్రులు మొహమాటపడకుండా వ్యాఖ్యలలో సరిదిద్దండి, నేర్చుకుంటాను. మీ డ్రైవర్లలో ఇలాంటి ముగింపు తగవులు తగిలి ఉంటే అవి కూడా రాయండి.

సెలవు.